ఆయన్ను రావద్దని నేనెలా చెప్పను?

ప్రశ్న: మేము తొమ్మిది మందిమి. వచ్చే ఏడాది దేశం ఒక కొస నుంచి మరో కొసకు సైకిళ్ల మీద వెళ్లాలని సిద్ధమవుతున్నాం. మొత్తం 3,600 కిలోమీటర్లు. అందరి సెలవులూ చూసుకుని 34 రోజులు అనుకున్నాం. అందులో విశ్రాంతికి నాలుగు రోజులు. సామాను ఒక వాహనంలో వెంట వస్తుంది. ఈ ఆలోచన మాలో అందరికంటే పెద్దవారైన ఒకరిది. ఆయనకు 58 ఏళ్లు. నాకు పంక్చరు వేయడం నేర్పింది ఆయనే. మాలో సగం మందికి సైకిలు పిచ్చి పట్టించింది కూడా ఆయనే. ఐదేళ్లుగా ఈ ప్రయాణం గురించి చెబుతూనే ఉన్నారు. ఈమధ్య ఆదివారాల్లో కలిసి తొక్కుతున్నప్పుడు మేము గంటకు 20, 22 కిలోమీటర్లు పోతుంటే ఆయన 15 దాటడం లేదు. మాలో ఐదుగురు విడివిడిగా నా దగ్గరికి వచ్చి, "ఆయన వస్తే మనం పూర్తి చేయలేం. నువ్వంటే ఆయనకు ఇష్టం, నువ్వే చెప్పు" అంటున్నారు. సామాను వాహనంలో కూర్చుని రమ్మందామని ఒకరు సలహా ఇచ్చారు. ఆయనకు ఇవేమీ తెలియవు. మొన్న ఫోను చేసి కొత్త టైర్లు కొన్నానని సంబరంగా చెప్పారు. నేనేం చేయాలి?

సమాధానం: ఆ కొత్త టైర్ల మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందుకే ముందే తేల్చి చెబుతున్నాను. ఆయన్ను రావద్దని చెప్పకండి. వాహనంలో కూర్చుని రమ్మని అసలే అనకండి.

అలాగని మీ ఐదుగురు మిత్రులూ మనసు లేనివాళ్లని నేను అనుకోవడం లేదు. కూడబెట్టుకున్న సెలవులన్నీ పెట్టి, ఇంట్లోవాళ్లను ఒప్పించి బయలుదేరాక సగం దారిలో ఆగిపోతే ఎలా అన్న దిగులు ఎవరికైనా ఉంటుంది. ఆ దిగులును తీసిపారేయను. కానీ దానికి కారణం ఆయన కాళ్లలో ఉందని వాళ్లు అనుకుంటున్నారు. మీ ఉత్తరంలో ఉన్న అంకెలు వేరే చెబుతున్నాయి.

34 రోజుల్లో విశ్రాంతి నాలుగు రోజులు తీసేస్తే మిగిలేవి 30. అంటే రోజుకు 120 కిలోమీటర్లు. గంటకు 22 చొప్పున తొక్కేవారికి అది ఐదున్నర గంటల పని. 15 చొప్పున తొక్కేవారికి ఎనిమిది గంటలు. తిండికి, నీళ్లకు, పంక్చర్లకు, దారి తప్పి వెనక్కి రావడానికి ఇంకో రెండు మూడు గంటలు కలపండి. తెల్లవారి ఆరింటికి బయలుదేరిన మనిషి బస చేరేసరికి సాయంత్రం ఐదు అవుతుంది, అదీ ఎదురుగాలి లేకపోతే. ఆ తర్వాత స్నానం, బట్టలు ఉతుక్కోవడం, చైను తుడిచి నూనె వేయడం, భోజనం. మళ్లీ తెల్లవారుజామున లేవాలి. ఇలా వారం రోజులు గడిచాక ఒక్కరోజు ఆగుతారు, తిరిగి మరో వారం. పెద్దాయన మాట అటుంచండి, మీలో ముప్పై ఏళ్లవారు మూడో వారంలో ఎలా ఉంటారో ఎవరైనా ఆలోచించారా? ఆదివారం పొద్దున హాయిగా తొక్కి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారి వేగం పన్నెండో రోజున అలాగే ఉండదు. నిద్ర చాలదు, సీటు తగిలే చోట చర్మం ఒరుసుకుపోతుంది, మోకాలు మూలుగుతుంది. ఆదివారపు 22ను నమ్ముకుని వేసిన లెక్క ఇది. ఆయన రాకపోయినా ఇది మిమ్మల్ని ఎక్కడో ఒకచోట పడేస్తుంది.

అదే ప్రయాణాన్ని 42 రోజులకు పరవండి. ఆరు రోజులు తొక్కి ఏడో రోజు ఆగితే, తొక్కే రోజులు 36, రోజుకు సరిగ్గా 100 కిలోమీటర్లు. ఆయన తొక్కాల్సిన సమయం ఎనిమిది గంటల నుంచి ఆరు గంటల నలభై నిమిషాలకు దిగుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకల్లా అందరూ బసలో ఉంటారు. పోయిన టైరును మార్చుకోవడానికి, ఒక పూట కురిసే వానకు, ఒకరికి వచ్చే జ్వరానికి ఇందులో చోటు ఉంటుంది. మీ పాత లెక్కలో వీటిలో దేనికీ చోటు లేదు.

1897లో అమెరికా సైన్యంలోని 25వ పదాతి దళానికి చెందిన ఇరవై మంది నల్లజాతి సైనికులు, జేమ్స్ మాస్ అనే లెఫ్టినెంటు వెంట మోంటానాలోని మిజూలా నుంచి సెయింట్ లూయిస్ దాకా సైకిళ్ల మీద వెళ్లారు. దాదాపు 1,900 మైళ్లు, అంటే మూడు వేల కిలోమీటర్లకు పైగా. 41 రోజులు పట్టింది. బురదదారులు, ఇసుకదారులు, ఒక్కోచోట రైలు పట్టాల పక్కన సైకిలు తోసుకుంటూ నడక. ఆగిన రోజులు కూడా కలిపి చూస్తే రోజుకు 75 కిలోమీటర్లు. కొండల్లో శిక్షణ పొందిన కుర్ర సైనికుల సగటు అది. మీకు తారురోడ్లు, గేర్లు ఉన్నాయి నిజమే, అందుకే 75 అనకుండా 100 అంటున్నాను.

ఎనిమిది రోజులు అదనంగా సెలవు ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. తేలేకపోతే దారిని తగ్గించండి. 34 రోజుల్లో ఐదు రోజులు ఆగి, మిగిలిన 29 రోజులు వంద చొప్పున తొక్కితే 2,900 కిలోమీటర్లు వస్తాయి. మిగిలిన 700 మరుసటి ఏడు, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టి పూర్తి చేయవచ్చు. లేదా సెలవు దొరికినవారు మొదటి నుంచి బయలుదేరితే, దొరకనివారు వారం తర్వాత దారిలో వచ్చి కలవవచ్చు. కొసలు రెండూ ఒకే ఊపులో తాకాల్సిందే అని మీలో ఎవరైనా పట్టుబడితే, ఆ పట్టుదలకు మూల్యం ఎవరి చేత కట్టిస్తున్నారో ఒక్కసారి ఆలోచించమనండి.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఏడుగురం కలిసి ఇలాంటి దూరప్రయాణమే చేశాం. మాలో ఒకాయన నెమ్మది. ఇరవై, ముప్పై కిలోమీటర్లకు ఒకసారి ఆగి ఆయన కోసం చూసేవాళ్లం. చాలా మంచివాళ్లం అనే అనుకునేవాళ్లం మమ్మల్ని మేము. చెట్టు నీడన అరగంట కూర్చునేవాళ్లం, కబుర్లు చెప్పుకునేవాళ్లం, చెమట ఆరేది. దూరంగా ఆయన కనబడగానే "వచ్చేశాడు, పదండి" అంటూ లేచి హెల్మెట్లు పెట్టుకునేవాళ్లం. ఆయన వచ్చి ఒక కాలు నేలకు ఆనించి, నీళ్ల సీసా మూత తిప్పేలోపు మాలో ముగ్గురం రోడ్డెక్కేసేవాళ్లం. ఆయన రెండు గుక్కలు తాగి, మూత సరిగా బిగించకుండానే మా వెనక బయలుదేరేవాడు. పదమూడో రోజున ఒక మలుపు దగ్గర మూత ఊడి నీళ్లన్నీ ఆయన బూటు మీద పడ్డాయి. ఆయన సైకిలు దిగి తడి బూటు చూసుకుంటూ అలాగే నిలబడ్డాడు. ఆ సాయంత్రమే, తనకు ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికి వెళ్లిపోయాడు. ఒంట్లో బాగోలేక కాదని మా అందరికీ తెలుసు. పదమూడు రోజుల్లో మేం ఆయన కోసం గంటల తరబడి ఆగాం. ఆయనకు మాత్రం ఒక్క విశ్రాంతి కూడా దక్కలేదు. అందరికంటే ఎక్కువసేపు తొక్కిన మనిషి అందరికంటే తక్కువసేపు కూర్చున్నాడు. ఇది నాకు తట్టడానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ ఆ తడిసిన బూటు గుర్తొస్తే మనసు బాగుండదు.

కాబట్టి మీ బృందం పెట్టుకోవలసిన మొదటి నియమం ఇది: చివరి మనిషి వచ్చి, సైకిలు దిగి, నీళ్లు తాగి, పదిహేను నిమిషాలు కూర్చున్నాకే ఎవరైనా లేవాలి. ముందే చేరి అరగంట కూర్చున్నవారికి ఇది కష్టంగా ఉంటుంది. కండలు చల్లబడితే మళ్లీ కదలడం బరువే. అలాంటివారు నెమ్మదిగా రావచ్చు, దారిలో ఫొటోలు తీసుకోవచ్చు, పక్కదారిలో ఏదైనా చూసి రావచ్చు. ముందు చేరడం వారి ఇష్టం అయినప్పుడు ఎదురుచూడటం కూడా వారి వంతే.

అందరూ కలిసి ఒకే వేగంతో పోవాలా, ఎవరి వేగం వారిదా అన్న వాదన మీతో మొదలైంది కాదు. ఫ్రాన్సులో 1904 నుంచి ఆడాక్స్ అనే పద్ధతి ఉంది. అందులో బృందం ముందు ఒక సారథి ఉంటాడు. ఆయన గంటకు 22.5 కిలోమీటర్ల వేగాన్ని నిలకడగా ఉంచుతాడు, ఆయన్ను దాటి ఎవరూ ముందుకు పోకూడదు. 1921లో ప్యారిస్‌లోని ఒక క్లబ్బు దీని నుంచి విడిపోయి, ఎవరి వేగంతో వారు తొక్కే మరో పద్ధతి మొదలుపెట్టింది. వందేళ్లు దాటినా రెండు పద్ధతులూ బతికే ఉన్నాయి. ఎందుకంటే రెండింటిలోనూ నిజం ఉంది. మీరు రోజులో కొంతసేపు ఒకటి, కొంతసేపు మరొకటి పాటించాలని నేనంటాను. ఏది ఎప్పుడు అన్నది రోడ్డే చెబుతుంది.

చదును నేల మీద కలిసి తొక్కండి. సైకిలు మీద పోయేవారికి అసలు శత్రువు గాలి. గాలిని చీల్చడానికి పెట్టాల్సిన శక్తి వేగపు ఘనం లెక్కన, అంటే వేగాన్ని వేగంతోనే మళ్లీ మళ్లీ, మొత్తం మూడుసార్లు వేసి హెచ్చించినట్టు పెరుగుతుంది. గంటకు 18 నుంచి 22కు పెంచితే, గాలి కోసం ఖర్చయ్యే శక్తి ఎనభై శాతానికి పైగా ఎక్కువవుతుంది. నాలుగు కిలోమీటర్ల వేగానికి ఇంత ఖరీదు. రోజుల తరబడి సాగే ప్రయాణంలో ఆ ఖరీదు చెల్లిస్తున్నది మీ ఐదుగురే. వేగం కాస్త తగ్గిస్తే వారి కాళ్లే ఎక్కువ కాలం నిలుస్తాయి. ఇక పెద్దాయన ముందువారి చక్రం వెనక దగ్గరగా తొక్కితే ఆయనకు తగిలే గాలి నిరోధం మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా తగ్గుతుంది. ఒంటరిగా 15 తొక్కే మనిషి మంచి వరుస మధ్యలో 17, 18 నిలుపుకోగలరు. ఎదురుగాలి ఉన్న రోజున ఈ తేడా ఇంకా పెద్దది. ముందు తొక్కేవారు ఐదేసి నిమిషాలకు ఒకసారి మారుతూ ఉండండి. ఆయన్ను ముందుకు రానివ్వకండి, వస్తానంటారు, మొహమాటానికి. "మీరు మధ్యలో ఉండండి, ఇది మా పని" అని చెప్పి అక్కడే ఉంచండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది నేర్చుకోకుండా ఈ పని చేయకండి. వెనకవారి ముందు చక్రం, ముందువారి వెనక చక్రం పక్కకు చేరినప్పుడు ముందువారు గుంతను తప్పించడానికి రవ్వంత పక్కకు జరిగితే రెండు చక్రాలూ రాసుకుంటాయి. ముందువారికి ఏమీ కాదు, చిన్న కుదుపు అంతే. వెనకవారి హ్యాండిలు చేతిలోంచి తిరిగిపోతుంది, ఏం జరిగిందో తెలిసేలోపు నేల మీద ఉంటారు. అందుకే చక్రం వెనక చక్రం ఉండాలి తప్ప పక్కన ఉండకూడదు. ముందువారు గుంతను వేలితో చూపించాలి, నోటితో కూడా చెప్పాలి, హఠాత్తుగా బ్రేకు వేయకూడదు. మొదట్లో రెండు మీటర్ల దూరం ఉంచండి. ఒకరి తీరు ఒకరికి అలవాటయ్యాక తగ్గించుకోవచ్చు. ఈ వరుస తొక్కుడు బయలుదేరే ముందే కనీసం నాలుగైదు ఆదివారాలు సాధన చేయండి. వాహనాలు దట్టంగా తిరిగే చోట, రోడ్డు పాడైన చోట, దిగుడులో ఈ పద్ధతి వద్దే వద్దు.

ఎగుడు మొదలవగానే వరుసను వదిలేయండి. గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నప్పుడు ఎవరి వెనక తొక్కినా లాభం దాదాపు ఉండదు. అక్కడ పోరాటం గాలితో కాదు, సొంత బరువుతో. ఇతరుల వేగంతో కొండ ఎక్కబోయినవారు పైకి చేరేసరికి ఆ రోజుకు సరిపడా శక్తి అంతా అయిపోతుంది. ఎవరి ఊపిరి వారిది. పైన కలుసుకోండి, పదిహేను నిమిషాల నియమం పాటించండి, దిగుడులో మళ్లీ ఎడంగా దిగండి.

ఇన్ని చేశాక కూడా రోజు చివర ఆయనకూ మీకూ మధ్య గంట తేడా మిగలవచ్చు. దానికి చాలా సులువైన మందు ఉంది. ఆయన గంట ముందు బయలుదేరాలి. ఒంటరిగా మాత్రం కాదు. రోజుకొకరు వంతు వేసుకుని ఆయనతో వెళ్లండి. ఎనిమిది మందిలో ఒక్కొక్కరికి ఎనిమిది రోజులకు ఒకసారి వస్తుంది. మొదట ఇది మీ ఐదుగురికి శిక్షలా కనిపిస్తుంది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, ఎండ రాకముందు, మాట్లాడుకుంటూ తొక్కే ఆ రెండు మూడు గంటల కోసం రెండో వారానికి వాళ్లే వంతులు మార్చుకుంటారని నా నమ్మకం. మేం ఆ పని చేయలేదు. చేసి ఉంటే మా మనిషి చివరిదాకా మాతోనే ఉండేవాడు.

వాహనం సంగతి. సైకిలు తొక్కడానికి వచ్చిన మనిషిని సామానుతో పాటు కూర్చోమనడం కంటే రావద్దనడమే నయం. అలాగని వాహనం ఎక్కడం తప్పేమీ కాదు. ఎవరు ఎక్కాలో పక్కవారు నిర్ణయించడమే తప్పు. మొదటి వారంలోనే, బాగా తొక్కగలిగిన వారిలో ఒకరు, మోకాలు నొప్పిగా ఉన్న పూట మొహమాటం లేకుండా వాహనం ఎక్కి చూపించాలి. వీలైతే ఆ ఒకరు మీరే అవ్వండి. అప్పుడది అందరి వాహనం అవుతుంది. పెద్దాయనకు అవసరమైన రోజున తలుపు తీసుకుని ఎక్కడానికి సిగ్గుపడరు.

ప్రయాణం మధ్యలో ఆగిన మనిషి ఓడిపోయినట్టే అనుకునేవారికి డాన్ బర్డెన్ గురించి చెప్పండి. 1972లో రెండు జంటలు, గ్రెగ్, జూన్ సిపుల్‌లు, డాన్, లిస్ బర్డెన్‌లు అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరి కొస దాకా సైకిళ్ల మీద బయలుదేరారు. మెక్సికోలో ఉండగా గ్రెగ్‌కు ఒక ఆలోచన వచ్చింది. అమెరికాకు 1976లో రెండు వందల ఏళ్లు నిండుతాయి, ఆ ఏడాది వేలమంది కలిసి దేశం ఈ చివర నుంచి ఆ చివరకు సైకిళ్ల మీద వెళితే ఎలా ఉంటుందని. అక్కడే డాన్‌కు కామెర్ల జబ్బు చేసింది. బర్డెన్ దంపతులు ప్రయాణం ఆపేసి వెనక్కి వచ్చేశారు. సిపుల్ దంపతులు ముందుకు సాగి 1975లో కొస చేరారు. ఆలోగా డాన్, లిస్ ఇంటి దగ్గర ఏం చేశారనుకున్నారు? ఆ ఆలోచనను నిజం చేసే పని నెత్తికెత్తుకున్నారు, దారి గుర్తించారు, మనుషులను కూడగట్టారు. 1976లో నాలుగు వేల మందికి పైగా బైక్‌సెంటెనియల్ అన్న పేరుతో ఆ దారిన తొక్కారు. ఒరెగాన్ నుంచి వర్జీనియా దాకా సుమారు 6,800 కిలోమీటర్లు. ఆ పనికి వాళ్లు ఎంచుకున్న ఊరు కూడా మిజూలాయే, 1897లో ఆ సైనికులు బయలుదేరిన చోటు. ఆ సంస్థ అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్ అన్న పేరుతో ఇప్పటికీ అక్కడే నడుస్తోంది.

ఆ నాలుగు వేల పైచిలుకు మందిలో దారంతా తొక్కినవారు దాదాపు సగమే. మిగిలినవారు వీలైనంత మేర తొక్కి ఆగారు. వారిని ఎవరూ లెక్కలోంచి తీసేయలేదు. జబ్బు చేసి ఆగిపోయిన మనిషి నిలబెట్టిన ప్రయాణంలో అలా తీసేయడం ఎవరికైనా ఎలా సాధ్యం?

మరి ఆయన వైపు నుంచి ఏమీ అడగకూడదా అంటే, అడగాలి. అడగడమే ఆయనకు ఇచ్చే గౌరవం. ముందు వైద్య పరీక్ష. ఆ వయసులో నెలకు పైగా రోజూ ఇంత శ్రమ పడబోయే ముందు గుండె, రక్తపోటు చూపించుకోవాలి, శ్రమలో గుండె ఎలా పనిచేస్తుందో వైద్యులు పరీక్షిస్తే మరీ మంచిది. ఇది ఆయన ఒక్కరికే పెట్టకండి, తొమ్మిది మందీ చేయించుకోండి. వైద్యులు వద్దంటే అప్పుడు మాట వేరు, ఆ వద్దు మీ నోటి నుంచి రావలసిన అవసరం ఉండదు.

రెండోది ఆయన సైకిలు. మీ ఉత్తరంలో ఆయన సైకిలు ఎలాంటిదో లేదు. నెమ్మదిగా తొక్కే పెద్దవారిని చూసినప్పుడు నేను ముందు చూసేది సీటు ఎత్తు, గేర్లు. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం మాత్రమే వంగి ఉండాలి. సీటు కిందికి ఉంటే మోకాలు ముందు భాగంలో, మరీ పైకి ఉంటే వెనక భాగంలో నొప్పి వస్తుంది. ఎక్కడ నొప్పి అని అడిగితేనే సగం సంగతి తెలిసిపోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయని ఆయన ఎప్పుడైనా అంటే అరచేతి అంచున పోయే నరం మీద బరువు పడుతోందని అర్థం. హ్యాండిలు ఎత్తు పెంచాలి, చేతులు పట్టుకునే చోటు తరచు మార్చాలి. ఇక గేర్లు: ముందు పళ్లచక్రం కంటే వెనక పళ్లచక్రం పెద్దదిగా ఉండే గేరు, ఉదాహరణకు ముందు 30 పళ్లు, వెనక 34 పళ్లు, ఆయన సైకిలుకు ఉందా చూడండి. పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు కంటే తక్కువ తిరుగుతుంది. బరువు గేరులో ఆయాసపడుతూ ఎక్కేవారు ఈ గేరులో కూర్చుని, తేలికగా, కాళ్లు త్వరత్వరగా తిప్పుతూ ఎక్కుతారు. మోకాళ్లు మిగులుతాయి. ఇలా సరిచేశాక గంటకు ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగినవారిని చూశాను.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, మూడు రోజుల పరీక్ష ప్రయాణం. బయలుదేరడానికి రెండు నెలల ముందు, వరుసగా మూడు రోజులు, రోజుకు వంద కిలోమీటర్లు, అసలు ప్రయాణంలో ఎలా వెళ్తారో అలాగే. ఒక్కరోజు ఎవరైనా తొక్కుతారు. మూడో రోజు ఉదయం మళ్లీ సీటు మీద కూర్చోగలిగారా, కూర్చుని నవ్వగలిగారా అన్నదే చూడాలి. ఆ మూడు రోజుల్లో మీ ఐదుగురి సంగతి కూడా బయటపడుతుంది. నా అనుభవంలో ఇలాంటి పరీక్షలో ఇబ్బంది పడినవారు చాలాసార్లు వేగంగా తొక్కేవారే. నెమ్మదిగా తొక్కేవారికి తమ శక్తి ఎంతో తెలుసు, దాన్ని పొదుపుగా వాడతారు.

ఇక మాట్లాడటం. మీరు ఆయనతో విడిగా మాట్లాడవద్దు. ఇప్పటికే మీ చెవిలో ఐదు గుసగుసలు ఉన్నాయి, ఆరోది కలపకండి. ముందు ఆ ఐదుగురినీ కూర్చోబెట్టి, "నేను చెప్పను. అందరం కలిసి, ఆయన ముందే, ప్రయాణం గురించి మాట్లాడుకుందాం. ఆయన గురించి కాదు" అని చెప్పండి. తర్వాత తొమ్మిది మందీ కూర్చోండి. 120ని వందకు తగ్గించాలన్న మాట మీరు ఎత్తండి, మీ పేరు మీదే ఎత్తండి. "నాకు ఇది ఎక్కువనిపిస్తోంది" అనండి. అది అబద్ధం కాదు, పైన లెక్క చూశారుగా. ఎవరికైనా జబ్బు చేస్తే ఎంతమంది ఆగాలి, ఎన్ని రోజులు ఆగాలి, ఆగలేకపోతే ఆ మనిషిని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది, ఇవన్నీ ఆ రోజే కాగితం మీద పెట్టుకోండి. ఆ కాగితంలో ఎవరి పేరూ ఉండకూడదు. అది ముందుగా ఎవరికి పనికొస్తుందో ఆ రోజు ఎవరూ చెప్పలేరు.

ఆయన తెలివైన మనిషి అయ్యుంటారు, అందరినీ సైకిలు ఎక్కించిన మనిషి కదా. తన వేగం గురించి ఆయనకు తెలియదని అనుకోకండి. ఆదివారాల్లో మీ వీపులు దూరమవుతుంటే చూస్తున్నది ఆయనే. బహుశా ఆ కూర్చున్న చోట ఆయనే మాట ఎత్తుతారు. "నా వల్ల మీకు ఆలస్యం అవుతుందేమో" అంటారు. అప్పుడు వెంటనే "అబ్బే, అదేం లేదు" అనకండి. అది ఆయన్ను చిన్నపిల్లాడిని చేసినట్టు ఉంటుంది. "అవును, గంట తేడా వస్తుంది. దానికి ఇలా అనుకుంటున్నాం" అని గంట ముందు బయలుదేరే సంగతి, వంతుల సంగతి చెప్పండి. నిజం చెప్పి, దానితో పాటు దారి కూడా చూపిస్తే మనిషి నొచ్చుకోడు.

ఇంత చెప్పినా ఒకరిద్దరు ఒప్పుకోకపోవచ్చు. 34 రోజులే, 120 కిలోమీటర్లే అంటారు. వారితో పోట్లాడకండి. వారికి కావలసింది వేరే ప్రయాణం, అదీ మంచిదే. వారిని అదే రోజున, అదే చోటి నుంచి, వారి వేగంతో బయలుదేరమనండి. చివరి కొసలో వారు మీ కోసం ఒక వారం ఆగగలిగితే ఆగుతారు, లేకపోతే లేదు. విడిపోవాల్సి వస్తే విడిపోవలసింది తొందర ఉన్నవారే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మిగిలినవారికి ముందే చెప్పి, మీరు వరుసలోంచి బయటికి వచ్చి ఆయన పక్కన, ఆయన వేగంతోనే రోజంతా తొక్కండి. రోడ్డు ఖాళీగా ఉన్న చోట ఆ కొత్త టైర్ల గురించి అడగండి. ఆగినప్పుడు ఆయన సీటు ఎత్తు, గేర్ల పళ్లు చూసి రాసుకోండి. మూడు రోజుల పరీక్ష ప్రయాణానికి తేదీ మాత్రం ఆయన్నే పెట్టమనండి.